పాలు పడని పాపాయి.. పేగులోని చుట్టాలు

చల్లపల్లిలో ఓ ఇల్లు. ఆరో నెల నిండిన మనవరాలికి అన్నప్రాశన. పెరట్లోని గేదె పాలతో పరమాన్నం వండి, వెండి గిన్నెలోకి తీసి, నాకించడానికి బంగారు ఉంగరం కూడా సిద్ధంగా పెట్టుకుంది నాయనమ్మ. కోడలు మాత్రం ఆ గిన్నె వంకే భయంభయంగా చూస్తోంది. తన పాలు చాలడం లేదేమోనని నెల కిందట కాసిని డబ్బాపాలు పట్టింది. అరగంట తిరక్కుండానే పాప ఒంటి నిండా దద్దుర్లు లేచాయి. పెదాలు వాచాయి. తాగిందంతా కక్కేసింది. పిల్లల డాక్టరు పరీక్షలు చేయించి, అది పాల అలర్జీ అని తేల్చారు.

''పాలు పడకపోవడం ఏమిటే అమ్మాయ్, విడ్డూరం కాకపోతే! మన వంశంలో ఎవరికైనా ఉందా ఇలాంటిది?''

''డాక్టరు గారు వద్దన్నారు అత్తయ్యా...''

''వద్దన్నది ఆవు పాలేమో, ఇవి గేదె పాలు. పోనీ, మేక పాలు తెప్పిస్తా. అదీ కాదంటే రెండు చుక్కలు మజ్జిగ నాకిద్దాం. పెరుగులో మంచి సూక్ష్మజీవులుంటాయని టీవీలో చెప్పలేదూ?''

ఇది ఫలానా ఇంటి మాట అని కాదు. పాడి ఉన్న ఊళ్లో, పాలు పడని బిడ్డ ఉన్న ఏ ఇంట్లోనైనా వినిపించగల మాటే. అందులో గేదె పాలు, మేక పాలు అన్న సలహాలు రెండూ తప్పే. మూడోదైన మజ్జిగ మాటలో మాత్రం సగం నిజం ఉంది. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకూ పాల అలర్జీకీ సంబంధం ఉంది. ఆ బ్యాక్టీరియా బిడ్డ జన్యువుల పనితీరునే మార్చగలవని పరిశోధకులు చెబుతున్నారు. కానీ మిగతా సగం చాలా ప్రమాదకరం. ఆ రెండు సగాలనూ విడదీసి చూడటం పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ అవసరం.

కమ్మని పాలలో శత్రువెవరు?

పాలు తాగితే కడుపుబ్బరం, గ్యాసు, విరేచనాలు అనే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎక్కువ మందిది అలర్జీ కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగా అరగకపోవడం. ఇబ్బందే గానీ ప్రాణాపాయం కాదు. పసిపిల్లల పాల అలర్జీ వేరు. అక్కడ సమస్య చక్కెరతో కాదు, ప్రొటీన్లతో. ముఖ్యంగా కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్. రెండోది తల్లిపాలలో సహజంగా ఉండనే ఉండదు.

ఒంటికి కాపలా కాసే రోగనిరోధక వ్యవస్థ ఈ ప్రొటీన్లను చూసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని దొంగ అనుకున్నట్టు పొరబడుతుంది. ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ పాలు తగిలితే చాలు, దద్దుర్లు, వాపు, వాంతులు. ఒక్కోసారి ఊపిరాడని స్థితి. మరికొందరు పిల్లల్లో ఐజీఈ ప్రమేయం లేకుండానే అలర్జీ వస్తుంది. విరేచనాల్లో రక్తం జీర, బరువు పెరగకపోవడం దాని గుర్తులు. ఇది బయటపడటానికి గంటలు, రోజులు కూడా పట్టొచ్చు.

ఇక గేదె పాల సంగతి. ఆవు పాల ప్రొటీన్లకూ గేదె, మేక పాల ప్రొటీన్లకూ పోలిక చాలా దగ్గర. ఒకదాన్ని శత్రువనుకున్న ఒళ్లు మిగతావాటినీ అలాగే చూస్తుంది. కాచినంత మాత్రాన ఆ గుణం పోదు. అందుకే ఆవు పాలు పడని బిడ్డకు వీటిని బదులుగా వాడొద్దని వైద్యులు చెబుతారు.

మరి ఇది ఎంతమందికి ఉంటుంది? యూరప్‌లో 9 దేశాల్లో 12 వేల మందికి పైగా శిశువులను పుట్టినప్పటి నుంచి గమనించిన అధ్యయనం 2015లో వెలువడింది. ఆసుపత్రిలో పాలు తాగించి చూసి నిర్ధారించిన లెక్క ప్రకారం, రెండేళ్లలోపు పిల్లల్లో ఆవు పాల అలర్జీ నూటికి 0.54. అంటే వెయ్యికి ఐదారుగురు. మన పక్కనున్న కర్ణాటకలో బడి పిల్లల మీద జరిగిన సర్వేలో అన్ని రకాల ఆహార అలర్జీలూ కలిపినా 0.14 శాతమే తేలింది. కాబట్టి పాలు తాగిన బిడ్డ ఒకసారి కక్కగానే అలర్జీ అని బెంబేలెత్తాల్సిన పని లేదు. నిజంగా ఉన్న బిడ్డకు మాత్రం ఈ అంకెలు ఊరటనివ్వవు. పాలు, పెరుగు, నెయ్యి లేని పండగ ఉండదు మనకు. గుడిలో ప్రసాదం దగ్గర్నుంచి పక్కింటి పుట్టినరోజు కేకు దాకా అన్నింటికీ భయపడుతూ ఆ తల్లి బతకాలి.

ఒకే కాలువ.. తూములు వేరు

'మన వంశంలో లేదే' అన్న నాయనమ్మ ప్రశ్నకు జవాబు కావాలంటే జన్యువుల సంగతి కాస్త తెలియాలి. డెల్టా వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు కాలువల్లో దివిసీమ దాకా వస్తాయి. కాలువ ఒకటే అయినా అన్ని చేలూ ఒకేసారి తడవవు. ఏ తూము పలక ఎత్తితే ఆ చేనుకే నీళ్లు. పలక దించితే పక్కనే కాలువ పారుతున్నా చేను ఎండుతుంది.

జన్యువులూ అంతే. ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. కానీ ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలో, ఏది మూసుకుని ఉండాలో నిర్ణయించే 'తూము పలకలు' వేరే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర. ఒక జన్యువును నడిపించే కీలక భాగం మీద ఈ ముద్రలు ఎక్కువగా పడితే పలక దిగినట్టు. అవి తొలగితే పలక లేచినట్టు. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారదు. దాన్ని చదివే తీరు మారుతుంది. తాతముత్తాతల నుంచి వచ్చిన రాత అదే అయినా బిడ్డ తిండి, పుట్టిన తీరు, చుట్టూ ఉన్న వాతావరణం ఆ పలకలను కదిలించగలవు.

పాల అలర్జీలో అందరి చూపూ పడిన జన్యువు ఒకటుంది. పేరు ఫాక్స్‌పీ3. రోగనిరోధక వ్యవస్థలో 'ఆగు, ఇది శత్రువు కాదు' అని తోటి కణాలకు సర్దిచెప్పే పెద్దమనుషుల్లాంటి కణాలున్నాయి. వాటిని నియంత్రక టీ కణాలంటారు. ఇవి సరిగా పనిచేయాలంటే ఫాక్స్‌పీ3 తూము తెరిచి ఉండాలి. ఈ కణాలను 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికీ, 2001లో ఈ జన్యువు ప్రాధాన్యాన్ని బయటపెట్టిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కూ కలిపి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు.

పాల అలర్జీ ఉన్న పిల్లల రక్తాన్ని పరీక్షిస్తే ఈ ఫాక్స్‌పీ3 మీద మిథైల్ ముద్రలు ఎక్కువగా కనిపించాయి. అంటే పలక దిగి ఉంది. అలర్జీ తగ్గి పాలు తాగగలుగుతున్న పిల్లల్లో ఆ ముద్రలు తక్కువ. ఇటలీలోని నేపుల్స్ విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యుడు రాబర్టో బెర్ని కనాని బృందం గమనించిన విషయమిది.

పలకలు ఎత్తేదెవరు?

ఇక్కడే పేగుల్లోని బ్యాక్టీరియా రంగంలోకి వస్తాయి. మనం తిన్న పీచును అవి పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో ఒకటి బ్యుటిరేట్. ఈ రకం ఆమ్లం వెన్నలోనూ ఉంటుంది, దాని పేరు వచ్చిందే వెన్న నుంచి. పేగు గోడ కణాలకు అది మంచి ఆహారం. అంతేకాదు, కణంలోపల డీఎన్ఏను చుట్టి ఉంచే ప్రొటీన్ల పట్టు సడలించి, కొన్ని జన్యువులు తెరుచుకునేలా చేస్తుంది. బ్యుటిరేట్ అందితే నియంత్రక టీ కణాలు పెరుగుతాయని 2013లో జపాన్, అమెరికా పరిశోధకులు ఎలుకల్లో చూపించారు.

నేపుల్స్ బృందం ఎంచుకున్న బ్యాక్టీరియా పేరు లాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ జీజీ. ముద్దుగా ఎల్‌జీజీ. 1980లలో అమెరికాలో దీన్ని వేరుచేసిన గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలే ఆ 'జీజీ'.

పాల అలర్జీ ఉన్న 80 మంది శిశువులను ఆ బృందం రెండు జట్లుగా చేసింది. అందరికీ ప్రొటీన్లను ముందే సన్నగా తుంచేసిన ప్రత్యేక డబ్బాపాలే పట్టారు. ఒక జట్టు పాలలో మాత్రం ఎల్‌జీజీ కలిపారు. ఏడాది తర్వాత ఆసుపత్రిలో జాగ్రత్తగా మామూలు పాలు తాగించి చూస్తే, ఎల్‌జీజీ అందిన పిల్లల్లో 81.5 శాతం మందికి పాలు పడ్డాయి. అందని వారిలో 53.6 శాతం మందికే. ఇది 2012 నాటి ఫలితం. 2017లో 220 మంది పిల్లలతో, మూడేళ్లపాటు సాగిన మరో అధ్యయనాన్ని ఇదే బృందం ప్రచురించింది. ఎల్‌జీజీ జట్టులో ఉబ్బసం, తామర లాంటి ఇతర అలర్జీలు కూడా తక్కువగా కనిపించాయి.

మరి జన్యువుల మాట? 2019లో ఇదే బృందం ఒక చిన్న అధ్యయనంలో అదీ చూసింది. ఎల్‌జీజీ కలిపిన పాలు తాగిన పిల్లల్లో ఫాక్స్‌పీ3 మీద మిథైల్ ముద్రలు ఎక్కువగా తొలగిపోయాయి. అలర్జీని ఎగదోసే ఐఎల్-4, ఐఎల్-5 జన్యువుల మీద మాత్రం ముద్రలు పెరిగాయి. నీళ్లు కావలసిన చేనుకు తూము తెరిచి, మునిగిపోతున్న చేనుకు మూసినట్టన్న మాట!

ఎలుకలు చెప్పిన సాక్ష్యం

బ్యాక్టీరియా వల్లే అలర్జీ తగ్గిందా, తగ్గాక బ్యాక్టీరియా మారాయా? ఈ అనుమానం తీర్చడానికి షికాగో విశ్వవిద్యాలయంలో క్యాథరిన్ నాగ్లర్ బృందం నేపుల్స్ వైద్యులతో చేతులు కలిపింది. ఒంట్లో ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకలను తీసుకున్నారు. కొన్నింటికి ఆరోగ్యంగా ఉన్న శిశువుల పేగుల్లోని బ్యాక్టీరియాను ఎక్కించారు. మరికొన్నింటికి పాల అలర్జీ ఉన్న శిశువులవి. తర్వాత పాల ప్రొటీన్‌ను అలవాటు చేసి పరీక్షించారు.

ఆరోగ్యవంతుల బ్యాక్టీరియా ఉన్న ఎలుకలకు ఏమీ కాలేదు. అలర్జీ పిల్లల బ్యాక్టీరియా ఉన్నవి తీవ్రమైన అలర్జీతో విలవిల్లాడాయి. రెండు రకాల ఎలుకల పేగు గోడ కణాల్లో పనిచేస్తున్న జన్యువులు వేర్వేరుగా ఉన్నాయి. అంటే ఎలుక అదే. పేగులోని చుట్టాలు మారేసరికి జన్యువుల పనీ మారిపోయింది. కాపాడుతున్న బ్యాక్టీరియాల్లో ఒకదాని పేరు అనేరోస్టైప్స్ కాకే. బ్యుటిరేట్ తయారుచేసే రకం. అదొక్కటే ఎక్కించినా ఎలుకలకు రక్షణ దొరికింది. 2019లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

అయినా.. తొందర వద్దు

ఇంత చదివాక ప్రొబయోటిక్ పొట్లం కోసం మందుల షాపుకి పరిగెత్తాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఎందుకంటే కథకు రెండో వైపు ఉంది.

2008లో నెదర్లాండ్స్‌లో 119 మంది పాల అలర్జీ శిశువులకు మరో రెండు రకాల ప్రొబయోటిక్ బ్యాక్టీరియా ఇచ్చి చూశారు. ఏడాదికి తేడా ఏమీ కనిపించలేదు. 2022లో ప్రచురించిన మరో అధ్యయనంలో బిఫిడోబ్యాక్టీరియం బ్రీవ్ అనే రకాన్ని, దానికి ఆహారమయ్యే పీచు పదార్థాలతో కలిపి 169 మంది పిల్లల్లో పరీక్షించారు. ఏడాదికి పాలు పడినవారి సంఖ్య రెండు జట్లలోనూ దాదాపు సమానం. ఎల్‌జీజీకి అనుకూలంగా ఉన్న ఫలితాలు ఎక్కువగా ఒకే బృందం నుంచి వచ్చినవి. జన్యు ముద్రలను చూసిన అధ్యయనాల్లో పిల్లల సంఖ్య మరీ తక్కువ. పైగా పాల అలర్జీ చాలామంది పిల్లల్లో వయసుతో పాటు దానంతటదే తగ్గుతుంది. అందుకే పాల అలర్జీకి ప్రొబయోటిక్ అందరికీ ఇవ్వాల్సిన వైద్యమన్న మాట ఇంకా స్థిరపడలేదు. ఆశ ఉంది, అంతే.

ఇంకో సంగతి. ప్రొబయోటిక్ అన్నది ఒకే మందు పేరు కాదు. వడ్లలో ఎన్ని రకాలున్నాయో వీటిలోనూ అన్ని రకాలు. స్వర్ణ విత్తు చల్లి బాస్మతి పండాలంటే పండదు కదా! ఒక రకం చేసిన మేలు పక్క రకం చేస్తుందన్న హామీ లేదు. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులతో జరిగిన పరిశోధనలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లోని ఒక రకాన్ని పీచు పదార్థంతో కలిపి వారం రోజులిచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్, మరణం కలిసి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. 2017లో ఇది పెద్ద వార్త. ఆ రకం ఆ పనికి అలా ఉపయోగపడింది. అది పాల అలర్జీకి వైద్యం అనడానికి మాత్రం వీల్లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ప్రొబయోటిక్‌ల వాడకంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరిక కూడా చేసింది.

పెరుగు కుండ దగ్గరికి వస్తే..

తోడుపెట్టిన పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటాయి. నిజమే. పాలు పడే పిల్లలకు అది చక్కని ఆహారం. కానీ ఏ ఇంటి తోడులో ఏ రకాలున్నాయో ఎవరూ చెప్పలేరు. అన్నింటినీ మించి పెరుగంటే పాలే. పులిసినంత మాత్రాన కేసీన్ మాయం కాదు. మజ్జిగ ఎంత పలచన చేసినా అందులో పాల ప్రొటీన్ ఉంటుంది. అలర్జీ ఉన్న పసిబిడ్డకు 'మంచి సూక్ష్మజీవులు' అనుకుని నాకించిన రెండు చుక్కలే ఆసుపత్రికి పరిగెత్తించొచ్చు. వెన్న, నెయ్యి, కోవా, పన్నీరు అన్నింటిదీ ఇదే వరస. కొన్ని ప్రొబయోటిక్ పొడుల్లో సైతం పాల ప్రొటీన్ జాడలు ఉంటాయి. డాక్టరుకు చూపించకుండా వాడకూడదు.

మరి ఆ ఇంట్లో చేయదగినవేమిటి?

తల్లిపాలు ఆపకూడదు. తల్లి తిన్న పాల పదార్థాల వల్ల బిడ్డకు ఇబ్బంది కనిపిస్తేనే, డాక్టరు చెబితేనే తల్లి వాటిని మానాలి. అప్పుడు ఆమెకు కాల్షియం తగ్గకుండా రాగులు, నువ్వులు, మునగాకు లాంటివి పెట్టాలి. అవసరమైతే మాత్రలు. తల్లిపాలు లేని బిడ్డకు ఏ డబ్బాపాలు పట్టాలో డాక్టరే నిర్ణయించాలి. వీటి ధర ఎక్కువే. మన దేశంలోని పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆరు నెలలు దాటిన పిల్లల్లో కొందరికి సోయాతో చేసిన శిశు ఫార్ములాను కూడా ఒక దారిగా చూపాయి.

రక్త పరీక్షలో ఐజీఈ ఉందన్న ఒక్క కాగితం చూసి పాలు మాన్పించకూడదు. పరీక్షలో కనిపించినా పాలు హాయిగా తాగే పిల్లలు ఎంతోమంది. అలాగే నిర్ధారణ అయ్యాక జీవితాంతం ఇంతేనని వదిలేయనూ కూడదు. డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చూపించాలి. పాలు పడుతున్నాయో లేదో చూడటం ఆసుపత్రిలో, వైద్యుల ఎదుటే జరగాలి. ఇంట్లో ప్రయోగాలు పనికిరావు. ఎప్పుడైనా పొరపాటున పాలు తగిలి ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, బిడ్డ వాలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజక్షనే.

మంచి బ్యాక్టీరియా కావాలంటే బిడ్డను మురికిలో వదలాలా అని కొందరికి సందేహం. అక్కర్లేదు. 2014 నవంబరులో మొదలైన 'స్వచ్ఛ చల్లపల్లి' ఉద్యమంలో కార్యకర్తలు తెల్లవారుజామునే లేచి ఊడ్చిన చెత్తలో పిల్లలకు పనికొచ్చే చుట్టాలెవరూ లేరు. పేగులకు మేలుచేసే చుట్టాలు తల్లిపాల వల్ల, వయసుకు తగిన పప్పు, కూర, పండు వల్ల పెరుగుతాయి. అవసరం లేకుండా యాంటీబయాటిక్‌లు వాడితే దెబ్బతింటాయి. జలుబు చేసిన ప్రతిసారీ 'ఆ సీసా ఇవ్వండి' అని మందుల షాపులో అడగడం మానుకుంటే అదే పెద్ద మేలు.

ఇంతకీ ఆ అన్నప్రాశన ఏమైంది అంటారా? అలాంటి ఇంట్లో ముహూర్తం తప్పిపోనక్కర్లేదు. కొత్త బియ్యం మెత్తగా ఉడికించి, కాస్త బెల్లం, చిక్కని కొబ్బరి పాలు పోస్తే అదీ పరమాన్నమే. పైన నెయ్యి మాత్రం వేయకుండా ఉంటే చాలు. ఉంగరం అదే, వెండి గిన్నె అదే, నాయనమ్మ చెయ్యీ అదే. గేదె పాల పరమాన్నం ఎక్కడికీ పోదు. ఏడాదికో రెండేళ్లకో, పాలు పడ్డాయని డాక్టరు చెప్పిన రోజున, ఆ పెరటి పాలతోనే మళ్లీ వండి తినిపించొచ్చు. చాలామంది పిల్లల విషయంలో ఆ రోజు వస్తుంది. అప్పటిదాకా ఆ పసిదాని పేగులో తూములు ఒక్కొక్కటే సర్దుకోవడానికి, ఇంట్లో వాళ్లు చేయాల్సిందల్లా కాస్త ఓపిక పట్టడమే!